పొలం కాచే తుపాకి

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమకాలువకు నీరు వచ్చిన పిమ్మట, కోస్తా జిల్లాల నుండి మనవాళ్లు సింధనూరు, మాన్వి తాలూకాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మనం రాకముందే ఈ రాయచూరు నల్లరేగడిలో మరొకరి కాపురం ఉన్నది. అది ఇర్రిది. పుస్తకాలలో కృష్ణజింక అంటారు, కన్నడంలో కృష్ణమృగ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడ ఇదే. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి, ఇర్రి కొమ్ములు రాలవు.

మా చిన్నతనంలో మేనమామగారింట లైసెన్సుగల భర్మారు తుపాకి ఒకటి ఉండేది. గొట్టం మూతిలో నుండి మందు పోసి, పీచు కూరి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. కేపు పెట్టి కాల్చాలి. మళ్లీ నింపేలోగా మంద ఊరు దాటిపోతుంది.

ఒక ఏడు వేరుసెనగ మొలకలన్నీ లేళ్లు కొరికేశాయి. పక్క పొలం ఆయన వచ్చి, "బావగారూ, ఒకదాన్ని పడేస్తే మిగతావి రావు" అన్నాడు.

"ఇది పంట కాపలాకిచ్చిన లైసెన్సోయ్, వేటకు కాదు" అన్నారు మామయ్య.

ఆ మాట నిజమే. 1959 నాటి ఆయుధాల చట్టం పంట రక్షణకు ఇటువంటి తుపాకిని ఒప్పుకున్నది. కాని 1972 వన్యప్రాణి చట్టం ఇర్రిని మొదటి షెడ్యూలులో చేర్చింది. వేటాడితే 3 ఏండ్లకు తగ్గకుండా 7 ఏండ్ల దాకా జైలు.

చట్టం మాట అటుంచినా, సన్నగొట్టం తుపాకితో జింకను కొట్టడం పాపమే. గుండు అడ్డుకొలత సగమైతే బరువు ఎనిమిదో వంతే అవుతుంది. గుండ్రని గుండు దూరం పోయేకొద్దీ వేగం కూడ త్వరగా తగ్గుతుంది. అటువంటిది తగిలితే జింక వెంటనే చావదు; గాయంతో పారిపోతుంది.

వారం గడిచాక కాలువగట్టున ఒక లేడి మాకు కనబడింది. తొడలో గుండు దిగి, పుండు పురుగుపట్టింది. పొదుగు నిండా పాలున్నాయి. ఎవరు కొట్టారో మేమడగలేదు, ఎవరూ చెప్పలేదు. మర్నాటికి చచ్చిపోయింది. ఆ నెలలోనే మామయ్య తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చారు.

తరువాత రాత్రులు మేమందరం వంతులవారీగా మంచెమీద డబ్బాలు వాయించాము. అయినా కొంత పంట పోయింది. పంట పోతే కాపుకు కలిగే కడుపుమంట మాకు తెలియనిది కాదు. నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకుందాం, పదిమందిమి కలిసి అడుగుదాం. వలస వచ్చిన మనకు ఈ నేల చోటిచ్చింది. ముందునుంచీ ఉన్నవాటికి చోటు లేకుండా చేయరాదు గదా!