టెండరు రద్దు: ప్రభుత్వ స్వేచ్ఛ, దాని హద్దులు

ఈ భాగం చదివిన తరువాత, టెండరు రద్దు వివాదాన్ని ఏ దశలో ఏ ప్రశ్నతో పరిశీలించాలో మీరు వివరించగలుగుతారు.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కాలువల్లో గుర్రపుడెక్క, పూడిక తీయడానికి వేసవిలో టెండరు పిలిచారు. కాలువలకు నీరు వదిలేలోగా పని ముగియాలి. ధరల బిడ్లు తెరిచారు. తెనాలి కాంట్రాక్టరు ఒకరు అందరికంటే తక్కువ ధర వేశారు. వారం తరువాత ‘పరిపాలనా కారణాల వల్ల’ టెండరు రద్దయింది. ఆయనకు ఏ హక్కు ఉంది?

టెండరు ప్రకటన ప్రతిపాదన కాదు, ప్రతిపాదనలకు ఆహ్వానం మాత్రమే. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం కాంట్రాక్టరు వేసే బిడ్డే ప్రతిపాదన. దానిని ఆమోదించేవరకు ఒప్పందం ఏర్పడదు. కాబట్టి తక్కువ ధర వేసినంత మాత్రాన పని దక్కే హక్కు రాదు.

అయితే ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారి వంటిది కాదు. రాజ్యాంగం 14వ అధికరణం దానికి వర్తిస్తుంది. రద్దుకు సహేతుకమైన కారణం ఉండాలి. టాటా సెల్యులార్ కేసు (1994)లో సుప్రీంకోర్టు చెప్పినట్లు, న్యాయస్థానం పరిశీలించేది నిర్ణయం తీసుకున్న తీరునే. జార్ఖండ్‌లో ఒక్క బిడ్డరే అర్హత పొందగా, పోటీ లేదని చేసిన రద్దును సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. కోల్‌కతా అండర్‌పాస్‌ల నిర్వహణ టెండరును ఏకపక్షంగా రద్దు చేయడాన్ని 2024లో కొట్టివేసింది.

ఒప్పందం కుదిరాక రద్దు చేస్తే ప్రశ్న మారుతుంది. అప్పుడు ఒప్పందంలోని రద్దు నిబంధన, మధ్యవర్తిత్వం, నష్టపరిహారం ముందుకు వస్తాయి. మన రాష్ట్రంలో 2019లో పోలవరం జలవిద్యుత్ కేంద్రం ఒప్పందాన్ని ఏపీ జెన్‌కో రద్దు చేయగా, నవయుగ సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. ఆగస్టు 22న ఇచ్చిన స్టేను న్యాయస్థానం అక్టోబరు 31న తొలగించింది.

ఈ తేదీలను మన కాలువ ఉదాహరణకు అన్వయించి చూడండి. అంత కాలం స్టే ఉంటే పూడిక తీయకముందే నీరు వస్తుంది. నష్టపోయేది ఆయకట్టు చివరి రైతు. అందుకే న్యాయస్థానాలు స్టే ఇచ్చేముందు ప్రజాప్రయోజనాన్ని కూడా తూచి చూస్తాయి. అధికారి రద్దుకు కారణాన్ని ఆనాడే ఫైలులో స్పష్టంగా రాస్తే చాలా వివాదాలు మొదలే కావు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై కాంట్రాక్టరు హైకోర్టుకు వెళ్తే, ‘పరిపాలనా కారణాలు’ అనే ఒక్క మాట సరిపోతుందా? మీ జవాబును కారణాలతో రాయండి.