ద గోల్ పక్షమును, మన పొరుగు యానామును

యెదుర్లంకయొద్ద గౌతమిని దాటినంతనే యానాము. ఆ పట్టణము 1954వ సంవత్సరము వఱకు పరాసువారి యేలుబడిలో నుండెనని మన బాలబాలికలందఱు నెఱుఁగుదురు. అటుపిమ్మటను ఇంచుమించు ఎనిమిదేండ్లు అది చట్టరీత్యా పరాసు దేశమునకే చెందియుండెనని యెఱిఁగినవారు తక్కువ. ఆ చిక్కు ఎవరి హయాములో విడెననఁగా, పరాసు ఘనతయే పరమార్థమని చాటిన పక్షమువారి హయాములోనే! కావున ఆ పక్షమునుగూర్చి కొంత వ్రాయఁదలఁచితిమి.

1940లో పరాసు దేశము జర్మనీకి లొంగిపోఁగా, షార్ల్ ద గోల్ అను సేనాని యుద్ధము ముగియలేదని జూన్ 18వ తేదిని లండను రేడియోలో చాటెను. పుదుచ్చేరి గవర్నరగు బొన్వేన్ దొర సెప్టెంబరులో ఆయన పక్షము వహించెను. దానితో యానామును ఆ పక్షముననే చేరెను.

యుద్ధము ముగిసిన పిదప పార్టీల కలహములు సేనానికి గిట్టలేదు. 1946 జనవరిలో పదవి విడిచి, మఱుసటి యేఁట ‘ఫ్రెంచి ప్రజా సమ్మేళనము’ను స్థాపించెను. పార్టీలను తెగడుచునే పార్టీ పెట్టుట వింతగాఁ దోఁచును. ఆయన మాత్రము అది పార్టీ కాదు, జాతియంతటి కూటమి యనెను. బలమైన అధ్యక్షుఁడు, ఇతర రాజ్యములకు తలయొగ్గని దేశము, కమ్యూనిజమునకు అడ్డుకట్ట—ఇవి దాని ముఖ్యాశయములు. ఇందువలన దీనిని సంప్రదాయ పక్షమందురు. అయినను ధనికుల పక్షమని త్రోసివేయరాదు. 1944లో స్త్రీలకు వోటుహక్కు నిచ్చినదియు, పిదప పెద్ద బ్యాంకులను జాతీయము చేసినదియు ఈ సేనాని ప్రభుత్వమే. 1951 ఎన్నికలలో సమ్మేళనము పెక్కు స్థానములు గెలిచినను, సభ్యులు చీలిపోఁగా 1953లో ఆయన దానిని చేయి విడిచెను.

ఇంతలో 1954 జూన్ 13వ తేదిని విలీనవాదులు యానామును వశపఱచుకొనిరి. నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చెను. 1956 మే 28న సంధిపత్రముపై సంతకములైనవి. పరాసు పార్లమెంటు మాత్రము దానిని ఏండ్లతరబడి ఆమోదింపలేదు.

1958లో అల్జీరియా సంక్షోభము సేనానిని మరల అధికారమునకుఁ దెచ్చెను. క్రొత్త రాజ్యాంగము, దానితో ‘నూతన రిపబ్లిక్కు సంఘము’ అను క్రొత్త పార్టీ వెలసినవి. అల్జీరియాను నిలుపునను ఆశతో ఆయనను గద్దె నెక్కించినవారు పెక్కురు. ఆయనయే 1962 జూలైలో దానికి స్వాతంత్ర్య మొసఁగెను. తాము ద్రోహమునకు గుఱియైతిమని వారు మండిపడిరి. మా మట్టునకు, జరిగి తీరవలసినదానిని ఒప్పుకొనుటయు ధైర్యమే. ఆ జూలైలోనే మన సంధిపత్రమును ఆమోదము పొందెను. ఆగష్టు 16న యానాము చట్టరీత్యా భారతదేశమున కలిసెను. ఆ దినమును యానామువారు నేటికిని పండుగగా జరుపుదురు. ఏటికి ఇవతల నున్న మనకు సెలవు లేదు!

సేనాని 1969లో ప్రజాభిప్రాయ సేకరణమున ఓడి పదవి వీడెను. ఆయన పక్షము పిమ్మట పలుమాఱులు పేరు మార్చుకొనెను. షిరాక్ 1976లో దానిని ‘రిపబ్లిక్కు సమ్మేళనము’గా మలఁచెను. అది 2002లో మఱికొందఱితోఁ గలిసి విశాలమైన పార్టీయై, 2015లో ‘రిపబ్లికనులు’ అని పేరు పెట్టుకొనెను. విద్యార్థులు ఈ పేరులన్నియు కంఠస్థము చేయ నక్కఱలేదు. 1962 మాత్రము గుర్తుంచుకొనుఁడు.