తక్కువ ఖర్చుతో కంప్యూటరు

విద్యార్థులారా! బొమ్మలు గీయుటకు, చిన్న ఆటలు ఆడుటకు కంప్యూటరు కావలెనని మీలో పలువురు కోరుచున్నారు. తలిదండ్రులకు భారము కాకుండ దానిని ఎట్లు కూర్చవలెనో తెలిసికొందము.

కంప్యూటరుకు మెదడు ప్రాసెసరు. బొమ్మలను తెరపై చూపు గ్రాఫిక్స్ భాగము కొన్ని ప్రాసెసర్లలోనే ఇమిడి యుండును. 2021లో వెలువడిన ఏఎండీ రైజెన్ 5 5600జీ అట్టిది. దానితో గ్రాఫిక్స్ కార్డును వేరుగా కొననక్కరలేదు. అవసరమైనచో కొన్నేండ్లకు చేర్చుకొనవచ్చును.

అయితే ఆ భాగమునకు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకొనును. కనుక 16 జీబీ ర్యామ్ ఒక్కటి గాక, 8 జీబీవి రెండు అమర్చవలెను. సమాచారము రెండు దారులలో ఒకేసారి నడచుటచే బొమ్మలు తడబడక కదలును. నిల్వకు ఎస్ఎస్‌డీ మేలు.

మస్కట్‌లో వేసవి వేడి 40 డిగ్రీలు దాటును; ధూళియు హెచ్చు. మిక్కిలి వేడెక్కిన ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. కావున రంగుల దీపములున్న పెట్టె కంటె, గాలి ముందు నుండి వచ్చి వెనుకకు పోవు పెట్టె, దుమ్ము నాపు జాలి ముఖ్యములు. నాసిరకపు పవర్ సప్లై కొనరాదు. అది చెడినచో తక్కిన భాగములకును ముప్పు.

సాఫ్టువేరుకు రియాలు ఖర్చు లేదు. త్రిమితీయ రూపములకు బ్లెండర్, గీతల చిత్రములకు ఇంక్‌స్కేప్, రంగులు వేయుటకు క్రిత ఉచితముగా లభించును. దొంగ ప్రతుల జోలికి పోవలదు.

దుకాణమునకు పోవుటకు ముందే చేయదలచిన పనులను కాగితముపై వ్రాసికొనుడు. పనికి తగిన వస్తువే చవక వస్తువు.