జనాదరణమా, జట్టులో స్థానమా?

మెచ్చుకోలును అంకెలలోనికి దింపి ఆటగాండ్రను వరుసగా నిలువబెట్టుట నేటి పత్రికల కొక వేడుకయైనది. మొదటివాడెవడు, పదవవాడెవడు అని చదువరులు తర్కించుకొందురు. ఇందు దోషము లేదు. కాని ఆ వరుసను చూపి, ఇతనిని జట్టులో చేర్చుకొని తీరవలయునని పట్టుబట్టునప్పుడే చిక్కు వచ్చును. జపాను ఫుట్‌బాలు క్రీడాకారుడు మియురా కజుయోషి విషయమున 1998లో జరిగిన దిదియే.

ఇతడు పదునైదవ యేట బడి విడిచి బ్రెజిలునకు బోయి ఆట నేర్చినవాడు. 1990లో స్వదేశమునకు మరలెను. 1993లో జె లీగు ప్రారంభమైనప్పుడు తొలియేటి ఉత్తమ క్రీడాకారుడను గౌరవ మతనికే దక్కెను. ఆసియా ఖండమున కంతటికిని ఉత్తముడుగ నెన్నబడినదియు నాయేడే. ప్రజ లతనిని 'కింగ్ కజు' అని, అనగా రాజని, పిలిచిరి. దేశము పక్షమున 89 పందెములాడి 55 గోల్సు చేసెను. అదే సంవత్సరము అక్టోబరు 28న దోహా నగరమున ఇరాకుతో జరిగిన పందెమున తొలి గోలు అతనిదే. కడపటి క్షణమున ఇరాకు సమము చేయుటచే ప్రపంచకప్పు ప్రవేశము చేజారెను. ఆనాటి దుఃఖము ప్రజలకును అతనికిని ఉమ్మడి యయ్యెను. ఇట్టి బంధమును ఏ పట్టిక కొలువగలదు?

1997 సెప్టెంబరులో ఉజ్బెకిస్తానుపై నాలుగు గోల్సు చేసినవాడు, పిమ్మట మందగించెను. నవంబరు 16న మలేషియాలోని జోహోర్ బహ్రులో ఇరానుతో నిర్ణాయకమైన పందెము నడుచుచుండగా, శిక్షకుడు ఒకాదా తకేషి అతనిని వెలికి రమ్మనెను. 'నేనా?' యన్నట్లు మియురా తన్ను తానే వ్రేలితో చూపుకొనెను. అప్పుడు రంగమున దిగిన జో షోజి సమము చేయు గోలు సాధించెను. జపాను 3-2తో గెలిచి మొట్టమొదటిసారి ప్రపంచకప్పునకు అర్హత పొందెను.

1998 జూన్ 2న స్విట్జర్లాండు శిబిరమున, వెంటబెట్టుకొనిపోయిన ఇరువదియైదుగురిలో మువ్వురిని ఒకాదా తొలగించెను. అందు మియురా యొకడు. దేశమున పెద్ద కలకలము రేగెను. పిమ్మట ఫ్రాన్సులో మూడు పందెములును ఓడి, జపాను ఒకే గోలుతో మరలెను. కజు ఉండియుండిన నిట్లు కాకపోవునని వాదించువారికి కొదువలేదు. మే మీ వాదమును అంగీకరింపము. మన పద్యనాటకములలో గొంతు జీరవోయిన నటునకును వన్సుమోరులు ఆగవు; ఆ కేకలు అతని నిన్నటి రాగమునకు. జట్టును కూర్చువానికి రేపటి పందెము ముఖ్యము.

అయినను ఒకాదాను ఒక విషయమున మేము తప్పుపట్టకుండలేము. తొలి పందెమునకు పండ్రెండు దినములుండగా, పరదేశమున, అంతటివానిని వెనుకకు బంపుట యేల? ఇరువదియిద్దరిని ఇంటివద్దనే నిర్ణయించుకొని బయలుదేరియుండిన మర్యాదగా నుండెడిది.

మియురా ఆట మానలేదు. 2017 మార్చి 12న, ఏబదియేండ్లు నిండిన పిదప, రెండవ శ్రేణి లీగులో యోకోహామా ఎఫ్.సి. పక్షమున గోలు చేసి, వృత్తిక్రీడలో గోలు చేసినవారిలో మిక్కిలి పెద్దవాడుగ గిన్నిసు పుస్తకమున కెక్కెను. ప్రపంచకప్పులో మాత్ర మతడు ఒక్క నిమిషమైన నాడియుండలేదు.