చెవులు కుట్టించే ముందు పాపకు నిజం చెబుదాం

"ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు." చెవులు కుట్టించడానికి ఆడపిల్లను తీసుకువెళుతూ మనం సాధారణంగా పలికే మాట ఇది. కాసేపటికి సూది దిగుతుంది. మొదటి చెవికి కుదురుగా కూర్చున్న పాప, రెండో చెవికి నలుగురు పట్టుకున్నా ఆగదు. ఆమెను బెదరగొట్టింది నొప్పి ఒక్కటే కాదు, మన మాట అబద్ధం కావడం కూడా.

ఏదో ఇస్తానంటూ తన కుమారుణ్ణి పిలిచిన ఒక తల్లిని, ఏమివ్వదలిచావని దైవప్రవక్త (సఅసం) అడిగారు. ఖర్జూరం అని ఆమె బదులు చెప్పింది. ఏమీ ఇవ్వకపోతే అది ఆమె పేర అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఖర్జూరం విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, సూది విషయంలో మనం చెప్పే మాట సంగతేమిటి?

నిజానికి ఆ నిజం అంత భయంకరమైనది కూడా కాదు. చెవి తమ్మెలో ఎముకా లేదు, మృదులాస్థీ లేదు. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, ఆ తర్వాత కొంతసేపు వేడిగా సలుపుతుంది. పాపకు ఇదే చెబుదాం, "ఏడుపొస్తే ఏడువు, నేను పక్కనే ఉంటాను" అని కూడా చెబుదాం. ముందురోజు చెబితే చాలు. వారం ముందే మొదలుపెడితే భయాన్ని మేపినట్లవుతుంది.

చెవి పైభాగం సంగతి వేరు. అక్కడి మృదులాస్థికి రక్తప్రసరణ తక్కువ కనుక గాయం మానడానికి నెలలు పడుతుంది. చీము పడితే చెవి ఆకారమే చెడిపోవచ్చు. కాలేజీ అమ్మాయిలు ముచ్చటపడే ఈ కుట్టు గన్‌తో వేయించరాదు. కొత్త సూది వాడే నిపుణుల చేతనే వేయించాలి.

పసిపిల్లలకైతే ధనుర్వాతం టీకాలు పూర్తయ్యేవరకు ఆగడం మంచిది. మొద్దుబార్చే పూతమందును వైద్యుల సలహాతోనే, దాదాపు గంట ముందు రాయాలి. ఖాళీ కడుపుతో తీసుకువెళ్ళరాదు. నికెల్ కలిసిన చవక కమ్మలు కొందరికి దురద, పుండ్లు తెస్తాయి. కుట్టిన తమ్మె మానడానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. అంతవరకు శుభ్రమైన చేతులతో ఉప్పునీటితో కడుగుతూ, కమ్మను ఊరికే తిప్పకుండా ఉంటే చాలు. ఇంట్లో ఎవరికైనా గాయాల మచ్చలు గడ్డలుగా పెరిగే గుణం ఉంటే ముందుగానే వైద్యుణ్ణి అడగాలి.

ఏ చెవి ముందో పాపనే ఎంచుకోనిద్దాం. రెండో చెవికి కాసేపు ఆగమంటే ఆగుదాం, వెనుక వరుసలో ఎంతమంది ఉన్నా సరే.