అండమాన్‌లో కొత్త కెమెరా: వెలుతురు తొలి పాఠం, సంయమనం మలి పాఠం

కొత్తగా కెమెరా కొన్నవారు సాధారణంగా దానిని ఆటోమేటిక్ పద్ధతిలో ఉంచి ఫొటోలు తీయడం మొదలుపెడతారు. ఊళ్లో, ఇంట్లో అది చాలావరకు సరిపోతుంది. అండమాన్ నికోబార్ దీవులలో మాత్రం తరచూ తడబడుతుంది. తెల్లని ఇసుక, దట్టమైన అడవి, తేమ గాలి, త్వరగా ముగిసే పగలు అందుకు కారణాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బంధువుల ఇళ్లకో, విహారానికో అక్కడికి వెళ్లే తెలుగువారు కెమెరాకు తెలియని కొన్ని సంగతులను తామే తెలుసుకోవలసి ఉంటుంది.

గడియారం కంటే ముందే సాయంత్రం

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగా వెళుతుంది. ఇప్పుడు శ్రీ విజయ పురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ దానికి సుమారు 10 డిగ్రీల తూర్పున ఉంది. సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక అక్కడ మధ్యాహ్నం దాదాపు 40 నిమిషాలు ముందుగానే వస్తుంది. డిసెంబరు మొదట్లో సాయంత్రం ఐదు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం పడమటి దిక్కుకు తెరుచుకుని ఉంటుంది. అక్కడ సాయంకాలపు వెలుగును చిత్రించదలచినవారు ఆ రోజుల్లో నాలుగు గంటలకే సిద్ధంగా ఉండాలి.

ఇసుక తెల్లగా, అడవి పచ్చగా

ఫొటోలో వెలుతురును మూడు అంశాలు నిర్ణయిస్తాయి. లెన్సు రంధ్రం వెడల్పు అపెర్చర్. వెలుతురును లోనికి అనుమతించే వ్యవధి షట్టర్ వేగం. వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో తెలిపేది ఐఎస్‌ఓ. అపెర్చర్ సంఖ్య పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. నడి ఎండలో అపెర్చర్ ఎఫ్/16, ఐఎస్‌ఓ 100, షట్టర్ వేగం సెకనులో సుమారు 100వ వంతు అన్నది ఫిల్మ్ కాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క.

కెమెరాలోని మీటరు ఎదుటి దృశ్యాన్ని సగటున మధ్యస్థమైన బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. అందువల్ల తెల్లని ఇసుక తీరం ఫొటోలో మసకబారుతుంది. ఎక్స్‌పోజర్ సవరణను ప్లస్ 1కి మారిస్తే ఇసుక మళ్లీ తెల్లబడుతుంది. చిడియా టాపు వంటి అటవీ ప్రాంతాల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. చీకటిని వెలుగుగా మార్చబోయి, ఆకుల సందుల్లోంచి పడే ఎండను కెమెరా తెల్లని మచ్చలుగా చేస్తుంది. అక్కడ సవరణ మైనస్ వైపు ఉండాలి.

1896 నుంచి 1906 వరకు నిర్మించిన సెల్యులార్ జైలులో ఏడు విభాగాలకు గాను నేడు మూడే మిగిలాయి. దాని వరండాలో నిలిచి చూస్తే లోపల నీడ, బయట మండుటెండ. రెండింటినీ ఒకే ఫొటోలో పట్టుకోవడం కష్టం. బయటి వెలుతురుకు కొలిస్తే ఊచలు నల్లని గీతలవుతాయి. గది లోపలికి కొలిస్తే ఆవరణ తెల్లగా వెలిసిపోతుంది. ఏది కనిపించాలో నిర్ణయించేది తీసే మనిషే.

తేమతో జాగ్రత్త

ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను ఒక్కసారిగా తేమ గాలిలోకి తెస్తే లెన్సుపై ఆవిరి పేరుకుంటుంది. మూసిన సంచిలోనే అరగంట ఉంచి తీయడం మేలు. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచాలి. సముద్రపు ఒడ్డున లెన్సు మార్చకూడదు.

కెమెరా సంచిలోనే ఉండవలసిన చోట్లు

అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా తెగ వారి రిజర్వు ప్రాంతం గుండా వెళుతుంది. ఈ మార్గంలో ఫొటోలు, వీడియోలు తీయడం నిషిద్ధం. పర్యాటకుల ముందు జరావా మహిళల చేత నృత్యం చేయించిన వీడియో 2012 జనవరిలో వెలుగుచూసి దేశమంతటా ఆగ్రహం రేపింది. ఆదిమ తెగల రక్షణకు 1956లో తెచ్చిన నిబంధనలను అదే ఏడాది సవరించారు. ఫొటోలు, వీడియోల కోసం నిషిద్ధ ప్రాంతంలోకి ప్రవేశించిన వారికి మూడేళ్ల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా విధించవచ్చు. రక్షణ స్థావరాల వద్ద కూడా అనుమతి లేకుండా కెమెరా వాడరాదు.

ఈ నిషేధం వెనుక ఒక చరిత్ర ఉంది. 1890లలో బ్రిటిష్ అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అండమాన్ తెగల వారిని గళ్ల తెర ముందు నిలబెట్టి, శరీర కొలతల కోసం ఫొటోలు తీశాడు. కెమెరా ఎవరి చేతిలో ఉందో నిర్ణయం కూడా వారిదే అయిన కాలమది. రోడ్డు పక్క కనిపించిన జరావాను కిటికీలోంచి తీసే పర్యాటకుడు కూడా ఎదుటివారి ఇష్టాన్ని అడగడం లేదు. అడిగే వీలు లేని చోట తీయకపోవడమే సరైనది. సంతలో, జాలరి పల్లెలో అయితే అడిగే వీలుంది. ముందు పలకరించి, ఒప్పుకున్నాకే మీట నొక్కాలి.