పదిహేనేళ్ల పోలో

చాకన్‌లో తయారైన జర్మన్ కారును ఇస్నాపూర్‌లో నడుపుకోవడం ఎలా? దీనికి జవాబు షోరూమ్‌లో కంటే ఈ పారిశ్రామికవాడ అలవాట్లలోనే ఎక్కువుంది.

ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు మారే వేళ రోడ్డంతా కంపెనీ బస్సులు, ట్రాలీ ఆటోలు, పాశమైలారం వైపు తిరిగే లారీలే. ఆ వరుసలో ఏపీ 23 నంబరు ప్లేటుతో పాత పోలో కనబడిందంటే అది ఉమ్మడి మెదక్ జిల్లా నాటి బండి. అప్పటికి సంగారెడ్డి జిల్లా కాలేదు, టీఎస్ 15 సిరీస్ రాలేదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో మన దేశంలో 2010లో అమ్మకానికి వచ్చింది. 2022లో ఇక్కడ తయారీ ఆపేశారు. తొలి ఏడాది బండ్లకు పదిహేనేళ్లు నిండిపోయాయి. తుక్కుకిచ్చేయాలా, ఇంకో ఐదేళ్లు నడపాలా అన్న చర్చ ఇప్పుడు ఆ యజమానుల ఇళ్లలో నడుస్తోంది. నా ఓటు నడపడానికే, కానీ ఒక షరతు ఉంది.

షరతు చెప్పేముందు చిన్న చరిత్ర. ఈ కారు తెలుగు నేల మీదే తయారవ్వాల్సింది. విశాఖపట్నంలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తుందని ఉమ్మడి రాష్ట్రమంతా ఆశపెట్టుకుంది. 2005లో ఆ ప్రాజెక్టు పేరుతో ఒక సంస్థకు ప్రభుత్వం దాదాపు 11 కోట్ల రూపాయలు చెల్లించడం, అది పెద్ద దుమారమై దర్యాప్తు సీబీఐ దాకా వెళ్లడం ఆనాటి పత్రికలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చివరికి ఫ్యాక్టరీ పుణె దగ్గరి చాకన్‌కు పోయింది, 2009లో తెరుచుకుంది. ఇస్నాపూర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది కూడా పుణెలోనే. రావాల్సిన ఫ్యాక్టరీ రాలేదుగానీ, దాని కార్లు మాత్రం ఇదే రోడ్డు మీద తిరుగుతున్నాయి.

ఇక షరతు. ఇక్కడి ఏ ఫ్యాక్టరీలోనైనా మెయింటెనెన్సు విభాగంలో పనిచేసినవాళ్లకు రెండు మాటలు బాగా తెలుసు. మిషను ఆగాక చేసేది బ్రేక్‌డౌన్ పని. ఆగకముందే గంటలు లెక్కపెట్టి బేరింగు, బెల్టు, సీలు మార్చేది ప్రివెంటివ్ మెయింటెనెన్సు. షాపు ఫ్లోరులో దాన్ని పీఎం అంటారు. కంప్రెసరుకు, జనరేటరుకు శ్రద్ధగా లాగ్‌బుక్కు రాసే మనిషే సొంత కారు దగ్గరికొచ్చేసరికి ‘ఆగినప్పుడు చూద్దాంలే’ అంటాడు. యూరప్ డిజైను కారుతో ఈ మాట పనిచేయదు. దాని రబ్బర్లకు, బెల్టుకు, ద్రవాలకు ఒక గడువుంటుంది. గడువులోపు మారిస్తే ఖర్చు వేలల్లో పోతుంది, దాటితే లక్షకు ఎగబాకుతుంది. ‘జర్మన్ బండి కొంటే ఏనుగును మేపినట్టే’ అన్న పేరు చాలావరకు ఈ ఆలస్యం వల్లే వచ్చింది.

ముందుగా చూడాల్సింది కింది భాగం. పాశమైలారం రోడ్ల మీద, హెచ్చరిక లేని స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగే పోలోలో మొదట పోయేవి ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు. బ్రేకర్ దిగేటప్పుడు ఎడమవైపు ‘టక్’మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. బండి లేపి ఆర్మ్ వెనక బుష్ దగ్గర టార్చి వేసి చూస్తే నల్లటి రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయి నెలవంకలా చీలిక కనిపిస్తుంది. పాత బుష్‌ను హైడ్రాలిక్ ప్రెస్సుతో దించి కొత్తది ఎక్కించడం ఇక్కడి లేత్ షాపులకు కొట్టిన పిండి. తప్పు జరిగేది ఆ తర్వాత. బండి జాకీ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలిపడుతుంది, ఎప్పుడూ ఆ మెలికలోనే పనిచేసి తొందరగా చిరుగుతుంది. చక్రాల మీద బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు వేయాలి. ఆ బోల్టులు కూడా ఒక్కసారి వాడేవే. టార్క్ రెంచితో చెప్పినంత బిగించి, ఆపైన చెప్పిన డిగ్రీలు తిప్పితే అవి కొద్దిగా సాగి పట్టుకుంటాయి. సాగిన బోల్టును మళ్లీ వాడితే ఆ పట్టు దొరకదు. కొత్త బోల్టులకయ్యే డబ్బు దగ్గర బేరమాడకండి.

రెండోది నీళ్లు. పటాన్‌చెరు ప్రాంత భూగర్భ జలాల గోడు పాతదే. నక్కవాగు కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. ఆ బోరు నీళ్లను కూలెంట్ డబ్బాలో పోయడం ఇంజిన్‌కు చేసే అన్యాయం. లవణాలు రేడియేటరులో, థర్మోస్టాట్ దగ్గర పెచ్చులుగా పేరుకుంటాయి. పోలోలో థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది. వేడికి ఏళ్ల తరబడి నాని పెళుసెక్కి, ఒకరోజు అతుకు దగ్గర చెమ్మ మొదలవుతుంది. గులాబీ రంగు కూలెంటు తెల్లటి చారగా ఆరిపోయి కనిపిస్తే అదే సూచన. కంపెనీ చెప్పిన జీ12 రకం కూలెంటు, డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేదీ వద్దు. షాపులో దొరికే పచ్చ కూలెంటును అందులో కలపడం అసలే వద్దు.

డీజిల్ బండైతే అన్నిటికంటే పెద్ద గడువు టైమింగ్ బెల్టుది. 1.2, 1.5 టీడీఐ ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని హెడ్డు పోతుంది. వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. కాబట్టి బెల్టు, టెన్షనర్, పంపు ఒకేసారి మార్చాలి. పంపు బాగానే ఉందని వదిలేస్తే, ఏడాదికి అది కారినప్పుడు అదే కూలీ మళ్లీ కట్టాలి. కిలోమీటర్లు తక్కువ తిరిగినా రబ్బరు వయసు ఆగదని కూడా గుర్తుంచుకోవాలి. 1.2 పెట్రోలుకు బెల్టు బదులు చెయిన్ ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమంటే దాన్ని చూపించాలి. పాత డీజిల్ కొనేవాళ్లు ఇంకో సంగతి అడగాలి. ఉద్గారాల వివాదం తర్వాత 2015 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు మన దేశంలో ఈఏ189 రకం డీజిల్ ఇంజిన్ ఉన్న 3,23,700 బండ్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించింది. ఆ పని ఈ బండికి జరిగిందా లేదా అన్నది సర్వీసు రికార్డులో చూసుకోవాలి.

రోడ్డు పక్క షెడ్లో పోలో దిగితే మొదట వినిపించే మాట ‘అన్నా, గిది మా దగ్గర కాదు’. పని రాక కాదు, పానాలు లేక. ఈ బండిలో చాలాచోట్ల మామూలు ఆరు మూలల బోల్టులుండవు. నక్షత్రం లాంటి టార్క్స్, పన్నెండు మూలల స్ప్లైన్ బోల్టులుంటాయి. సరైన బిట్ లేకుండా అలెన్ కీ దూర్చి తిప్పితే తల అరిగిపోతుంది, ఆపైన వెల్డింగు పెట్టి తీయాలి. చక్రానికి కూడా హబ్ మీద స్టడ్లు పొడుచుకొచ్చి ఉండవు. బోల్టులే బయటి నుంచి లోపలికి దూర్చాలి. స్టెప్నీ మార్చేటప్పుడు చక్రాన్ని మోకాలితో ఆపి పట్టుకోవాల్సిన అవస్థ అందుకే. చిన్న పంచర్ షాపు ముందు ఇది తెలిసిన డ్రైవరే నిలబడి చెప్పాలి. చవక స్కానర్లు ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల గుట్టు విప్పాలంటే వీసీడీఎస్ లాంటి ఈ కంపెనీ బండ్ల పరికరం ఉన్న మెకానిక్ కావాలి. ఆ పరికరమున్న మనిషి దొరికితే వదలకండి, దూరమైనా వెళ్లండి.

విడిభాగాల గురించి అంత భయపడక్కర్లేదు. వెంటో, స్కోడా ర్యాపిడ్ పోలోతో చాలా సామాను పంచుకున్నాయి. డబ్బా మీది పేరు కాదు, పార్ట్ నంబరు చూసుకుంటే చాలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొంత దొరుకుతుంది. ఇదే రహదారి మీద కిందికి వెళితే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. ఆయిల్ సీళ్లు, బేరింగులైతే ఫ్యాక్టరీలకు సరఫరా చేసే దుకాణాల్లోనే కొలత చెప్పి అడగొచ్చు. బ్రేకులు, స్టీరింగు భాగాల్లో మాత్రం పేరులేని సరుకు ముట్టుకోకండి.

ఇంజిన్ విషయంలో ఫియట్ పుంటో ఇంకా అదృష్టవంతురాలు. 2009లో వచ్చిన ఆ ఇటలీ బండి మన మార్కెట్ నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది, షోరూమ్‌లూ పోయాయి. కానీ దాని 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజినే మారుతి స్విఫ్ట్‌లోనూ టాటా ఇండికా విస్టాలోనూ కూర్చుంది. అందువల్ల పుంటో ఇంజిన్ విప్పడానికి భయపడే డీజిల్ మెకానిక్ మన దగ్గర ఉండడు. ఇబ్బంది బంపర్లు, లైట్లు, డోరు సామాను దగ్గరే.

పదిహేనేళ్లు నిండిన బండిని ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలంటే ఫారం 25తో దరఖాస్తు చేసి, పెండింగ్ చలాన్లు కట్టి, ఆర్టీఏ దగ్గర బండి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. గ్రీన్ ట్యాక్సు వేరే. ఈ ఖర్చులకు బెల్టు, బుష్‌లు, కూలెంటు, టైర్లు కలిపి కాగితం మీద వేసి, కొత్త కారు ఐదేళ్ల ఈఎంఐ పక్కన పెట్టుకుంటే నేను నడపమని ఎందుకన్నానో అర్థమవుతుంది.

ఆ లెక్క రెండు బండ్లకు వర్తించదు. సర్వీసు రికార్డు లేని, ట్రాఫిక్‌లో కుదుపులిస్తున్న డీఎస్‌జీ గేరుబాక్సు ఉన్న పోలో జీటీ ఒకటి. తుప్పు పట్టిన బండి రెండోది. బానెట్ ఎత్తి షాకప్‌లు కూర్చునే టవర్ల చుట్టూ, డోర్ల కింద సిల్ లోపల స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. అక్కడ రేకు లోపలికి దిగిపోతే మాత్రం, ఇంజిన్ ఎంత బాగున్నా, బండిని వదిలేయండి.